అంబాసిడర్ 1489 సీసీ పెట్రోల్ ఇంజన్‌కి బీడు మానిఫోల్డ్ తీసి పైపుల హెడర్ వేయించాలంటే?

మార్క్2_వాల్తేరు

అందరికీ నమస్కారం. బండి 1972 అంబాసిడర్ మార్క్ 2. పాత బీఎంసీ 1489 సీసీ పెట్రోల్ ఇంజన్, ఒకటే సోలెక్స్ కార్బొరేటర్. ఇంజన్ పొగని పోగేసి సైలెన్సర్ పైపులోకి పంపే బీడు (పోత ఇనుము) ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ఒకటో సిలిండర్ మెడ దగ్గర పగిలింది. ఎప్పుడో అక్కడ ఇత్తడి పోసి అతికించినట్టుంది, అదే గీత మీద మళ్లీ విడిచింది. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే ఫట్‌ఫట్‌మని కొడుతుంది, వేడెక్కాక సద్దుమణుగుతుంది.

ఇంకో పాత బీడు మానిఫోల్డ్ వెతుక్కోవడమా, గాజువాక ఆటోనగర్‌లో మూడు పైపుల హెడర్ (మానిఫోల్డ్‌కి బదులు ఉక్కు పైపులు వెల్డింగ్ చేసి చేసేది) కట్టించుకోవడమా అన్నది తేలట్లేదు. కట్టించేటట్టయితే పైపు సైజు ఎంత ఉండాలి? మైల్డ్ స్టీలా, స్టెయిన్‌లెస్సా? ఇన్‌లెట్ మానిఫోల్డ్ పాతదే ఉంచొచ్చా? కార్బొరేటర్‌లో ఏమైనా మార్చాలా? వాడకం బీచ్ రోడ్డు, భీమిలి, అప్పుడప్పుడు సింహాచలం కొండ, చలికాలంలో అరకు. రేసులకు కాదు. హెడ్, క్యామ్ కంపెనీవే.

లేత్_బాబాయ్

పైపు సైజు సంగతి తర్వాత చూద్దురు గాని, ముందు వెర్నియర్ పట్టుకోండి. ఈ ఇంజన్ మీద హెడర్ పని చెడేది పైపుల దగ్గర కాదు, ఫ్లాంజ్ (హెడ్‌కి బిగించే మందపాటి పలక) దగ్గర.

ఈ హెడ్‌కి ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ రెండూ ఎడమ పక్కనే ఉంటాయి. మూడు ఎగ్జాస్ట్ పోర్టులు, వాటి మధ్యలో రెండు ఇన్‌లెట్ పోర్టులు, అన్నిటికీ కలిపి ఒకటే గాస్కెట్. చివరి స్టడ్లు వదిలేస్తే, లోపలి స్టడ్ల మీద ఒక పెద్ద మందపాటి వాషర్ ఉంటుంది చూడండి, అది సగం ఎగ్జాస్ట్ ఫ్లాంజ్ మీద, సగం ఇన్‌లెట్ ఫ్లాంజ్ మీద కూర్చుంటుంది. ఒక్క నట్టే రెంటినీ నొక్కాలి. రెండు ఫ్లాంజ్‌ల మందం సమానంగా లేకపోతే వాషర్ ఏటవాలుగా నిలబడి మందంగా ఉన్నదాన్నే నొక్కుతుంది, పల్చటిది వదులుగా ఉండిపోతుంది. ఎగ్జాస్ట్ వదులైతే చప్పుడు వస్తుంది కాబట్టి దొరికిపోతుంది. ఇన్‌లెట్ వదులైతే చప్పుడుండదు. అక్కడ దొంగగాలి లాగి మిశ్రమం పల్చబడుతుంది, ఐడిల్ నిలవదు, కార్బొరేటర్ మూడుసార్లు విప్పినా జబ్బు పోదు.

అందుకని ముందు పాత ఇన్‌లెట్ మానిఫోల్డ్ తీసి, వాషర్ కూర్చునే ప్రతి చోటా దాని ఫ్లాంజ్ మందం కొలిచి రాసుకోండి. హెడర్ ఫ్లాంజ్ ప్లేటు దానికంటే కనీసం 1 మి.మీ. ఎక్కువ మందంలో కోయించాలి. ఉదాహరణకి ఇన్‌లెట్ 11 ఉంటే ప్లేటు 12. వెల్డింగ్ అయ్యాక ఫ్లాంజ్ ఎటూ వంకర పోతుంది. ఆ అదనపు మందాన్ని మిల్లింగ్‌లో తీసేస్తే ముఖం సమతలం అవుతుంది, మందం కూడా కలుస్తుంది. రెంటికీ తేడా 0.1 మి.మీ. దాటకూడదు. షాపులో ఉన్న 6 మి.మీ. ప్లేటుతో లాగించేద్దాం అంటే ఒప్పుకోవద్దు. అది ఇన్‌లెట్‌తో కలవదు, వేడికి వంగుతుంది కూడా.

హెడర్ ఇప్పటికే తయారై, ఫ్లాంజ్ పల్చగా ఉంటే లేత్ మీద మెట్టు వాషర్లు తిప్పించుకోవాలి. ఈఎన్8 రకం ఉక్కు కడ్డీ నుంచి తిప్పించి, సగానికి మిల్లింగ్ చేయిస్తే చాలు. మెట్టు ఎత్తు సరిగ్గా రెండు ఫ్లాంజ్‌ల తేడా అంత. మామూలు వాషర్లు ఒకదాని మీద ఒకటి పేర్చితే అవి జారి, నెల తిరక్కుండానే వదులవుతాయి.

వెల్డింగ్ చేసేటప్పుడు ఫ్లాంజ్‌ని పనికిరాని పాత హెడ్‌కి గానీ, 25 మి.మీ. ప్లేటుకి గానీ బోల్టులు బిగించే చేయాలి. ముందు అన్నిచోట్లా టాకాలు (చిన్న చుక్క వెల్డింగులు), తర్వాత ఒక పోర్టు విడిచి ఒక పోర్టు. పూర్తిగా చల్లారేదాకా విప్పొద్దు. విప్పాక ఉక్కు స్కేలు ఆనించి ఫిల్లర్ గేజ్ పెట్టండి. 0.15 మి.మీ. రేకు ఎక్కడైనా దూరిందంటే మిల్లింగ్‌కి పంపాల్సిందే. బెల్ట్ సాండర్ మీద రుద్ది తెచ్చే వాళ్లుంటారు, దానివల్ల అంచులు గుండ్రపడి మధ్యలో ఉబ్బు అలాగే ఉంటుంది.

ఫ్లాంజ్ ఒకే పలకగా కన్నా మూడు ముక్కలుగా ఉంటే మేలు. ఒకే పలక అయితే స్టడ్ కంతల్లో ఆట వదలాలి. లెక్క చూడండి: మైల్డ్ స్టీల్ మీటరుకి, డిగ్రీకి 12 మైక్రాన్లు పెరుగుతుంది, 304 స్టెయిన్‌లెస్ 17 మైక్రాన్లు. 300 మి.మీ. పొడవు, 250 డిగ్రీల వేడి అనుకుంటే మైల్డ్ స్టీల్ 0.9 మి.మీ., స్టెయిన్‌లెస్ 1.3 మి.మీ. సాగుతుంది. హెడ్‌ని నీళ్లు చల్లబరుస్తూ ఉంటాయి కాబట్టి అది అంత సాగదు. స్టడ్ 5/16 అంగుళం, అంటే 7.9 మి.మీ. మధ్య కంతలు 8.5, చివరివి 10 మి.మీ. వేయిస్తే పలకకి జరిగే చోటుంటుంది. అన్నీ బిగుతుగా 8 వేయిస్తే స్టడ్ వంగుతుంది, లేదా వెల్డింగ్ పగులుతుంది.

గాస్కెట్‌కి ఒక పక్క చిల్లుల రేకు ఉంటే ఆ ముఖం మానిఫోల్డ్ వైపుకి. సాగే ముఖం రేకు మీద జారాలి, మెత్తటి ముఖం హెడ్‌కి అంటుకుని ఉండాలి. సిలికాన్ పూయొద్దు. ఆ వేడికి మాడి రాలిపోతుంది, ఇన్‌లెట్ పక్కన పూస్తే ముక్కలు సిలిండర్‌లోకి పోతాయి.

నట్లు ఇత్తడివి, 5/16 యూఎన్ఎఫ్ (అంగుళాల సన్న మర). వీటికి సరిపోయేది అర అంగుళం ఏఎఫ్ (నట్టు ఎదురెదురు ముఖాల మధ్య కొలత) పానా. 13 మి.మీ. పానా పట్టినట్టే ఉంటుంది గానీ 0.3 మి.మీ. వదులు, ఇత్తడి మూలలు అరిగిపోతాయి. బిగింపు 15 పౌండ్-అడుగులు, అంటే సుమారు 20 న్యూటన్ మీటర్లు. మధ్య నుంచి బయటికి, రెండు మూడు విడతల్లో. కారుతోందని ఇంకాస్త బిగిస్తే స్టడ్ తెగడం తప్ప కారడం ఆగదు.

నాలుగు_రెండు_ఒకటి

ఫ్లాంజ్ సంగతి బాబాయ్ గారు చెప్పేశారు కాబట్టి పైపుల దగ్గరికి వస్తాను.

ఈ ఇంజన్ పేలే వరుస 1-3-4-2. ఒకటి, నాలుగు సిలిండర్లకి చెరో పోర్టు, రెండు-మూడింటికి కలిపి మధ్యలో ఒకటే పోర్టు. రెండు-మూడు మధ్య దూరం క్రాంకు ఒక పూర్తి చుట్టు. ఒకటి-నాలుగు మధ్య కూడా అంతే. అంటే హెడ్ లోపలే ఒక జత సమ దూరంలో కలిసిపోయి వస్తోంది, రెండో జతని మనం బయట కలపాలి. అందుకే దీనికి సరైన ఆకారం పొడుగు మధ్య పైపు: ఒకటి, నాలుగు పైపులు ముందు ఒక వై (ఇంగ్లిష్ Y ఆకారపు కలయిక) దగ్గర కలుస్తాయి, మధ్య పైపు ఒంటరిగా కిందికి దిగి చివర్లో వాటితో కలుస్తుంది. మూడు పైపుల్నీ ఒకే చోట కుక్కేసిన హెడర్ చూడ్డానికి బాగుంటుంది గానీ కింది పికప్ పోగొడుతుంది. మీ వాడకమంతా కింది పికప్పే.

సైజు: ఒక్కో సిలిండరు 372 సీసీ. ఈ ఇంజన్‌ని 4200 చుట్లు దాటి తిప్పడంలో లాభం లేదు. ఆ వేగానికి లెక్కేస్తే లోపలి వ్యాసం 30 మి.మీ. వస్తుంది. కాబట్టి ఒకటి, నాలుగు పైపులకి బయటి వ్యాసం 35 మి.మీ., గోడ 1.6 మి.మీ., లోపల దాదాపు 32. మధ్య పైపు 38. కలిసిన తర్వాత సైలెన్సర్ దాకా 42 నుంచి 45 చాలు. "లావు పైపు వేస్తే గాలి ఫ్రీగా పోతుంది" అని 50 మి.మీ. తగిలిస్తారు. పైపు లావయ్యే కొద్దీ వాయువు వేగం పడిపోతుంది, మూడో గేరులో సింహాచలం మలుపులు ఎక్కేటప్పుడు ఆ తేడా తెలుస్తుంది.

పొడవు: ఒకటి, నాలుగు పైపులు వై దాకా 380-400 మి.మీ., రెండూ ఒకదానికొకటి 25 మి.మీ. తేడాలో ఉంటే చాలు. పోర్టు నుంచి ఆఖరి కలయిక దాకా మొత్తం మీటరుకి కాస్త అటూ ఇటూ. మధ్య పైపు కూడా అంతే పొడవు. అంటే ఆఖరి కలయిక గేర్‌బాక్స్ పక్కన పడుతుంది.

పైపు లోపలి అంచు పోర్టు కన్నా చుట్టూ ఒక మి.మీ. పెద్దగా ఉండొచ్చు, చిన్నగా మాత్రం ఉండకూడదు. వెల్డింగ్ పూస లోపలికి పొడుచుకొచ్చిందేమో వేలు పెట్టి చూడండి. గాస్కెట్ అంచు పోర్టులోకి తొంగి చూస్తే అక్కడే మొదట కాలుతుంది.

అడ్డొచ్చేవి: మన బండ్లకి స్టీరింగ్ కుడివైపు, డిస్ట్రిబ్యూటర్, ప్లగ్గులు కూడా కుడివైపే కాబట్టి ఎడమ పక్క చోటు బాగానే ఉంటుంది. చూసుకోవాల్సినవి ఎడమ ఇంజన్ మౌంట్ రబ్బరు, ముందు సస్పెన్షన్ టార్షన్ బార్, ఫ్లోర్ రేకు. దేనికైనా 20 మి.మీ. ఖాళీ తప్పనిసరి, రబ్బరుకి అయితే 40, కుదరకపోతే మధ్యలో రేకు. టాకాలు వేశాక నలుగురిని బండిలో కూర్చోబెట్టి కింద ఖాళీ చూడండి, మన స్పీడ్ బ్రేకర్లు తెలిసినవే కదా.

పైపుకి మొదటి ఆధారం గేర్‌బాక్స్‌కే ఇవ్వాలి, బాడీకి కాదు. ఇంజన్ రబ్బర్ల మీద ఊగుతుంది, బాడీ ఊగదు. పైపుని బాడీకి బిగిస్తే ఆ ఊపంతా ఒకటో పోర్టు వెల్డింగ్ మీద పడుతుంది. మీ బీడు మానిఫోల్డ్ పగిలింది కూడా అక్కడే కాబట్టి, పాత సైలెన్సర్ క్లాంపు ఎక్కడ ఉందో ఓసారి చూడండి. గేర్‌బాక్స్ బ్రాకెట్ ఎవరో పీకేసి ఉండొచ్చు. అది సరిచేయకపోతే కొత్త హెడర్ కూడా అక్కడే పగులుతుంది.

ఉప్పుగాలి

మెటీరియల్ గురించి. ఏటంటే, హైదరాబాద్‌లో పనికొచ్చే సలహా బీచ్ రోడ్డు మీద పనికిరాదు.

మైల్డ్ స్టీల్‌కి మామూలు వెండి రంగు వేడి పెయింట్ వేస్తే ఒక వానాకాలం. కాలినచోట పెయింట్ పొడిగా రాలుతుంది, ఉప్పు తేమ పట్టుకుంటుంది. 1.6 మి.మీ. గోడకి లోపలి నుంచి కూడా దాడే: చిన్న చిన్న తిరుగుళ్లకి ఇంజన్ పూర్తిగా వేడెక్కదు, పొగలోని నీరు పైపులోనే నిలబడుతుంది. మైల్డ్ స్టీలే అనుకుంటే గోడ 2 మి.మీ. తీసుకోండి. దాంతో లోపలి వ్యాసం 31కి దిగుతుంది, ఫరవాలేదు. ఇసుక బ్లాస్టింగ్ చేయించి లోపలా బయటా సిరామిక్ కోటింగ్ వేయించండి. కోటింగ్ వేసే ముందే బండికి ఎక్కించి చూసుకోవాలి. కోటింగ్ తర్వాత ఒక్క టాకా వేసినా ఆ చోటు పోయినట్టే.

304 స్టెయిన్‌లెస్ తుప్పుకి ఆగుతుంది. ఉప్పుగాలికి టీ మరకల్లాంటి గోధుమ రంగు పైపైన పడుతుంది, దానికి భయపడక్కర్లేదు. కానీ అది ఎక్కువ సాగుతుంది, అందుకే బాబాయ్ గారు చెప్పిన కంతల ఆట దీనికి మరీ ముఖ్యం. వెల్డింగ్ టిగ్ (ఆర్గాన్ వాయువు వదులుతూ చేసే పద్ధతి) మీదే చేయాలి, పైపు లోపలికి కూడా ఆర్గాన్ వదలాలి. వదలకపోతే లోపలి పక్క నల్లగా గుల్లలు కడుతుంది, పగులు అక్కడే మొదలవుతుంది. ఫిల్లర్ కడ్డీ: స్టెయిన్‌లెస్‌కి స్టెయిన్‌లెస్ అయితే 308ఎల్. స్టెయిన్‌లెస్ పైపుని మైల్డ్ స్టీల్ ఫ్లాంజ్‌కి అతికితే 309ఎల్. ఇది అడిగి మరీ చూడండి. రెంటికీ 308 లాగించేస్తే ఆ అతుకు పెళుసు.

మన ఊళ్లో షిప్‌యార్డ్, స్టీల్ ప్లాంట్, రిఫైనరీల పనులు చేసి వచ్చిన పైపు వెల్డర్లున్నారు. కార్ల సైలెన్సర్ షాపు కన్నా అలాంటి ఫాబ్రికేషన్ షాపులో ఈ పని శుభ్రంగా జరుగుతుంది. అయితే వాళ్లకి కారు కొలతలు పట్టవు కాబట్టి టాకాలు బండి మీద వేయించి, పూర్తి వెల్డింగ్ వాళ్ల దగ్గర చేయించడం నయం.

వేడి గుడ్డ, అదే ఫైబర్ గ్లాస్ చుట్టు, మాత్రం చుట్టొద్దు. ఇంజన్ గదిలో వేడి తగ్గే మాట నిజమే. కానీ రాత్రంతా సముద్రపు తేమ పీల్చి పొద్దున్న దాకా పైపుకి అంటించి ఉంచుతుంది. మైల్డ్ స్టీల్ పైపు దాని కింద తుప్పు పట్టి చిల్లు పడినా పైకి కనపడదు.

బీడే_మేలు

అందరూ హెడర్ కట్టేస్తున్నారు కాబట్టి నేను అడ్డం చెబుతాను.

హెడ్, క్యామ్, కార్బొరేటర్ కంపెనీవి ఉంచి హెడర్ ఒక్కటే వేస్తే వచ్చే బలం కొద్దిగా. ఈ ఇంజన్ ఊపిరిని ముందు పట్టి ఉంచేది ఇన్‌లెట్ పోర్టులు, ఒంటి కార్బొరేటర్. బీడు మానిఫోల్డ్ గోడ దళసరి, చప్పుడు మింగుతుంది, వేడిని తనలో ఉంచుకుంటుంది, ఉప్పుకి దశాబ్దాలు ఆగుతుంది. పగలని ఒక సెకండ్‌హ్యాండ్ దొరికితే ముఖం మిల్లింగ్ చేయించి, పోర్టు అంచులు గాస్కెట్‌కి సరిపోయేలా గ్రైండ్ చేయించి వేసుకుంటే మీ వాడకానికి అదే సరిపోతుంది.

ఇంకో మాట. బండి 1972ది. 50 ఏళ్లు దాటిన బండ్లకి కేంద్రం 2021లో వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధనలు తెచ్చింది. బండి అసలు రూపంలో ఉండాలి, చాసిస్, బాడీ, ఇంజన్‌లో పెద్ద మార్పులు ఉండకూడదు అంటాయి అవి. అలా రిజిస్టర్ చేస్తే రోజువారీ తిరగడానికి వీల్లేదు, అది వేరే సంగతి. ఆ ఆలోచన ఎప్పటికైనా ఉంటే పాత మానిఫోల్డ్‌ని, పగిలినదైనా సరే, పాత సామానుకి వేయకండి.

మార్క్2_వాల్తేరు

అందరికీ కృతజ్ఞతలు. వింటేజ్ రిజిస్ట్రేషన్ ఆలోచన ఇప్పుడైతే లేదు. పగలని బీడు కోసం వెతికి రెండు చూశాను, ఒకటి అతికిందే, ఇంకొకటి ముఖం బాగా తినేసి ఉంది. కాబట్టి హెడర్ వైపే మొగ్గుతున్నాను.

నాలుగు_రెండు_ఒకటి గారు, మీరన్నది నిజమే, గేర్‌బాక్స్ దగ్గర బ్రాకెట్ లేదు, క్లాంపు బాడీకి వైరుతో కట్టి ఉంది.

మానిఫోల్డ్ విప్పుతుంటే వెనక చివరి స్టడ్ హెడ్ ముఖానికి 4 మి.మీ. బయట తెగింది. ఇంకొక స్టడ్ నట్టుతో పాటు మొత్తంగా ఊడి వచ్చేసింది. కింద రెండు రేకు మూతల చుట్టూ నూనె జిడ్డు ఉంది, అది మానిఫోల్డ్‌కి సంబంధించిందేనా?

లేత్_బాబాయ్

4 మి.మీ. బయట ఉండటం అదృష్టమే. దాని మీద 5/16 కన్నా కాస్త పెద్ద కంత ఉన్న నట్టు పెట్టి, కంత లోపల వెల్డింగ్ నింపండి. వెల్డింగ్ వేడికే తుప్పు పట్టు వదులుతుంది. ఎరుపు తగ్గాక, ఇంకా వేడిగా ఉండగానే మైనం ముక్క ఆనిస్తే కరిగి మరల్లోకి పాకుతుంది. తర్వాత పానాతో ముందుకీ వెనక్కీ పావు చుట్టు చొప్పున కదపాలి. ఒకే వైపు బలంగా తిప్పితే ఈసారి లోపల తెగుతుంది. వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ రెండు వైర్లూ తీయాలి, కార్బొరేటర్, పెట్రోల్ పైపు బండి నుంచి తీసి దూరంగా పెట్టాలి. ఇన్‌లెట్ పోర్టుల్లో గుడ్డ కుక్కండి, గుడ్డ కొస బయటికి కనపడేలా.

లోపలే తెగితే డ్రిల్లు. చేతి డ్రిల్లుతో మధ్య తప్పకుండా పోదు, అందుకని 10 మి.మీ. ప్లేటుకి కంత వేసి, పక్క స్టడ్లకి బిగించి దాన్ని దారిగా వాడండి. ఎక్స్‌ట్రాక్టర్ (తెగిన స్టడ్‌లోకి దింపి వెనక్కి తిప్పే పనిముట్టు) జోలికి పోవద్దు. అది లోపల విరిగితే డ్రిల్లు దాన్ని కోయలేదు, హెడ్ విప్పి స్పార్క్ మిషన్ (కరెంటు మెరుపుతో లోహాన్ని తొలిచేది) దగ్గరికి మోసుకుపోవాలి. మర పాడైతే హెలికాయిల్ (కొత్త మరగా పనిచేసే తీగ చుట్ట) వేయించండి, బీడు హెడ్‌లో బాగానే నిలబడుతుంది.

మొత్తంగా ఊడి వచ్చిన స్టడ్ సంగతి భయం లేదు. మర శుభ్రం చేసి కొత్త స్టడ్ చేతి బిగుతుతో ఎక్కించండి. అసలు పని మొదలుపెట్టారు కాబట్టి స్టడ్లన్నీ కొత్తవే వేసేయండి. స్టడ్ రెండు కొసల మర ఒకటే అనుకోవద్దు, పాతదాన్ని పక్కన పెట్టి మర గేజ్‌తో పోల్చి కొనండి. నట్టు వైపు మరకి రాగి గ్రీజు కొంచెం పూయండి.

ఆ రేకు మూతలు ట్యాపెట్ కవర్లు. ఈ ఇంజన్‌లో క్యామ్ ఎడమ పక్కన ఉంటుంది, మూతలు సరిగ్గా మానిఫోల్డ్ కింద. మానిఫోల్డ్ ఉండగా అక్కడికి చెయ్యి పోదు కాబట్టి ఇప్పుడే రెండు కార్కు గాస్కెట్లూ మార్చేయండి. మూతకి మధ్యలో ఒకటే బోల్టు. దాన్ని గట్టిగా బిగించీ బిగించీ రేకు గుంటపడి, అంచులు లేచి ఉంటాయి. చదును బల్ల మీద అంచులు సుత్తితో సరిచేసి, కార్కు నలిగేంత వరకే బిగించండి. అక్కడి నూనె హెడర్ మీద కారితే పొగ, కంపు. నిప్పు భయం కూడా ఉంది. హెడర్ బీడు కన్నా దగ్గరగా, వేడిగా ఉంటుంది.

జెట్_నంబర్

కార్బొరేటర్ ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు.

బీడు మానిఫోల్డ్ ఇన్‌లెట్‌ని కింద నుంచి వేడి చేస్తుంది, పెట్రోల్ ఆవిరి కావడానికి. హెడర్ వేస్తే ఆ వేడి పోతుంది. మీ ఇన్‌లెట్ కింద ఎగ్జాస్ట్‌తో కలిపి బోల్టులు వేసిన ముఖం ఉంటే, దానికి 6 మి.మీ. ప్లేటు గాస్కెట్‌తో మూసేయండి. విశాఖలో చలి వల్ల ఇబ్బంది రాదు. అరకు, లంబసింగి వైపు డిసెంబర్, జనవరి తెల్లవారుజామున మాత్రం వస్తుంది. చల్లటి తేమ గాలిలో పెట్రోల్ ఆవిరయ్యేటప్పుడు కార్బొరేటర్ గొంతు ఇంకా చల్లబడి లోపల మంచు పడుతుంది, ఐడిల్ పడిపోతుంది, యాక్సిలరేటర్ నొక్కితే ఒక క్షణం తడబడుతుంది. హెడర్ మీద చిన్న రేకు డొప్ప పెట్టి, అక్కడి నుంచి 50 మి.మీ. గొట్టంతో ఎయిర్ క్లీనర్ మూతికి వేడి గాలి అందేలా చేసుకుంటే సరి. ఘాట్ దిగాక గొట్టం ఊడదీయండి.

మే నెలలో దీనికి తలకిందుల జబ్బు. హెడర్ వేడి ఫ్లోట్ చాంబర్‌కి కొట్టి పెట్రోల్ మరుగుతుంది. ఇప్పుడు బంకుల్లో వచ్చే ఇ20 పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంది, అది 78 డిగ్రీలకే మరుగుతుంది. ట్రాఫిక్‌లో ఆగాక గానీ, బండి ఆపి పది నిమిషాలకి స్టార్ట్ చేసినప్పుడు గానీ ఇంజన్‌కి పెట్రోల్ సరిగా అందదు. రెండు పనులు చేయండి. కార్బొరేటర్ కింద 8-10 మి.మీ. బేకలైట్ ముక్క, రెండు పక్కలా గాస్కెట్. దీనికి స్టడ్లు పొడుగువి కావాలి, యాక్సిలరేటర్ రాడ్ కొలత మారుతుంది, ఎయిర్ క్లీనర్ బానెట్‌కి తగులుతుందేమో చూడాలి. రెండోది, హెడర్‌కీ కార్బొరేటర్‌కీ మధ్య 1.2 మి.మీ. అల్యూమినియం రేకు, పైపుల నుంచి కనీసం 10 మి.మీ. ఎడంగా. పెట్రోల్ పైపు హెడర్ పైనుంచి పోకూడదు. రబ్బరు పైపు ఇథనాల్‌కి ఆగే రకం వేయండి, పాత రబ్బరు మెత్తబడి లోపల పొరలు ఊడి జెట్‌కి అడ్డం పడుతుంది.

జెట్ విషయం. హెడర్ వల్ల మిశ్రమం కొంచెం పల్చబడుతుంది, ఇ20 వల్ల ఎక్కువే పల్చబడుతుంది. శుద్ధ పెట్రోల్‌కి గాలి 14.7 పాళ్లు కావాలి, ఇ20కి 13.5 దగ్గర. అంటే అదే గాలికి ఎనిమిది తొమ్మిది శాతం ఎక్కువ ఇంధనం. సోలెక్స్ జెట్ మీద నంబర్ మి.మీ.లో నూరో వంతు. 120 అంటే 1.20 మి.మీ. కంత. 125 వేస్తే వైశాల్యం ఎనిమిదిన్నర శాతం పెరుగుతుంది, లెక్క సరిపోయింది. మీ దాంట్లో ఏ నంబర్ ఉందో చూసి దాని మీద అయిదు పెంచండి. కంతని తీగతో గానీ సూదితో గానీ పెద్దది చేయొద్దు, అది గుండ్రంగా రాదు.

పెట్టాక హైవే మీద టాప్ గేరులో ఒక కిలోమీటరు లోడు మీద లాగించి, ఇగ్నిషన్ ఆపి, క్లచ్ తొక్కి పక్కకి ఆపండి. ప్లగ్గులు తీసి చూస్తే పింగాణీ లేత గోధుమ రంగులో ఉండాలి. తెల్లగా ఉంటే పలచన, మళ్లీ అయిదు పెంచండి. మసి నలుపైతే తగ్గించండి. ఐడిల్ స్క్రూ చివరన సరిచేయాలి. కాలుష్యం పరీక్షలో ఇంత పాత బండికి ఐడిల్‌లో కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం దాకా ఒప్పుకుంటారు, శుభ్రంగా ఉన్న ఇంజన్‌కి అది కష్టం కాదు.

వాల్వ్ గ్యాపు కూడా ఓసారి చూసుకోండి, 0.015 అంగుళం. బిగుతుగా ఉన్న ఎగ్జాస్ట్ వాల్వ్‌కి పలచని మిశ్రమం తోడైతే వాల్వ్ అంచు కాలిపోతుంది, నేరం హెడర్ మీద పడుతుంది.

మార్క్2_వాల్తేరు

ఇన్‌లెట్ ఫ్లాంజ్ కొలిచాను, ఒక చోటు 11.2, మిగతావి 10.9 నుంచి 11 మధ్య. ప్లేటు 12 మి.మీ. చెప్పాను, మూడు ముక్కలుగా. పైపు 304, 35 మరియు 38. స్టడ్ వెల్డింగ్ నట్టుతోనే వచ్చేసింది. మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు ఏ వరుసలో ఏం చూడాలి?

లేత్_బాబాయ్

11.2 ఉన్న చోట ఇన్‌లెట్ ముఖం వంకరగా ఉందేమో చూడండి. హెడర్ ముక్కలు, ఇన్‌లెట్ అన్నీ ఒకే బల్ల మీద బిగించి ఒకే కోతలో వాషర్ ముఖాలు మిల్లింగ్ చేయిస్తే ఆ తేడా పోతుంది. షాపులో గొణుగుతారు, అయినా చేయించండి.

మొదటి స్టార్ట్‌కి ముందు పైపుల మీద చేతి జిడ్డు థిన్నర్‌తో తుడవండి, లేకపోతే వేలిముద్రలు స్టెయిన్‌లెస్ మీద శాశ్వతంగా కాలి ఉండిపోతాయి. స్టార్ట్ చేసి, వెనక పైపు మూతిని తడి గుడ్డతో ఒక్క క్షణం నొక్కి వినండి. కారుతుంటే ఫ్లాంజ్ దగ్గర ఫస్‌ఫస్ వినిపిస్తుంది, ఇంజన్ ఆగిపోదు. బాగుంటే ఇంజన్ ఆగబోతుంది. ఇన్‌లెట్ పక్కకి ఇంజన్ ఇంకా చల్లగా ఉండగానే సబ్బు నీళ్లు గాస్కెట్ అంచున చిమ్మండి. చప్పుడు మారినా, నీళ్లు లోపలికి పీల్చుకున్నా అక్కడ సందు ఉన్నట్టు. కార్బొరేటర్ క్లీనర్ స్ప్రేతో ఇది బాగా తెలుస్తుందంటారు గానీ వేడి హెడర్ పక్కన అది కొట్టొద్దు.

పావుగంట నడిపి ఆపేసి, పూర్తిగా చల్లారాక నట్లు మళ్లీ అదే 20 న్యూటన్ మీటర్లకి చూడండి. కొత్త గాస్కెట్ నలుగుతుంది కాబట్టి కొంచెం తిరుగుతాయి. 200 కిలోమీటర్లకి ఇంకోసారి. ఆ తర్వాత కూడా ప్రతిసారీ తిరుగుతుంటే బిగించుకుంటూ పోకండి, వాషర్లు తీసి వాటి కింద ముద్ర ఎటు పక్క లోతుగా పడిందో చూడండి.

నాలుగు_రెండు_ఒకటి

యాక్సిలరేటర్ వదిలినప్పుడు వెనక పట్‌పట్‌మంటే మిశ్రమాన్ని అనుమానించే ముందు వై దగ్గరి జారుడు కీలు (ఒక పైపులోకి ఇంకోటి దూర్చి క్లాంపుతో బిగించే అతుకు) చూడండి. అక్కడ సందులోంచి గాలి లోపలికి పోయి, కాలని పెట్రోల్ పైపులోనే అంటుకుంటుంది. సందు చుట్టూ మసి గీత కనపడుతుంది. క్లాంపు పక్కన పైపు చీలిక 30 మి.మీ. కన్నా పొడుగ్గా కోసి ఉంటే ఎంత బిగించినా కారుతుంది, ఆ చీలిక కొంత వెల్డింగ్‌తో మూయించండి. గేర్‌బాక్స్ బ్రాకెట్‌కి 4 మి.మీ. పట్టీ, 8 మి.మీ. బోల్టులు రెండు. హెడ్ దగ్గర నట్లు వేలితో తిప్పి వదిలి, బ్రాకెట్ కూడా వదులుగా పెట్టి, ముందు హెడ్ బిగించి, ఆ తర్వాతే బ్రాకెట్ బిగించండి.